వార్నిష్ పూసిన తీగ

జూన్ 3, మిర్యాలగూడ
తల పగిలిపోతోంది. బాబాయికి చెప్పింది ఒక్క పని — నా ప్రయోగానికి రాగి తీగను సాపు చేసి, అద్దంలా రుద్ది, ఉత్తదే ఇవ్వమని. మోటార్ వైండింగ్ దుకాణం కదా, ఆయనకంటే బాగా ఎవరు చేస్తారనుకున్నా. తీరా వెళ్తే... నిలువునా వార్నిష్! పైగా ఓవెన్‌లో పెట్టి కాల్చాడు.

"ఉత్త రాగి ఎట్లిస్త బిడ్డా, షార్ట్ అయితది గదా" అంటాడు.

త్రిపురారం రైతులు కాలిన మోటార్లతో కూర్చున్నారు. వాళ్ల ముందే అరిచాను. చదువురానివాళ్లకు పని చెప్పడం నాదే బుద్ధితక్కువ అన్నాను. ఆయన చేతిలోని స్పానర్ కింద పెట్టాడు.

జూన్ 4, కోదాడ
కాలేజీలో పాఠం చెప్పాను. పిల్లల మీదా అరిచాను.

జూన్ 6, హైదరాబాద్
ల్యాబ్. ఇంకో తీగ చేయించే టైం లేదు. వార్నిష్‌దే బిగించాను, పళ్లు కొరుకుతూ. లేజర్ తీగ కొసను కొడుతుంది, అక్కడ కంటికి కనబడని టెరాహెర్ట్జ్ తరంగం, ఒక్క పల్స్, పుడుతుంది, తీగ ఒంటిని పట్టుకుని పాకుతుంది. ఇన్నేళ్లుగా నా ఏడుపు ఒక్కటే — వంపు రాగానే తీగను వదిలేసి గాల్లో కలుస్తుంది.

ఇవాళ వదల్లేదు.

వంపు తిరిగింది! పల్స్ కాస్త సాగింది, కానీ బలంగానే అవతలి కొసకు చేరింది. ఆ పలచని వార్నిష్ పొరే దాన్ని తీగకు అదిమిపెట్టింది. నవ్వాలో ఏడవాలో... అరిచిన మాటలు ఇప్పుడెక్కడ దాచుకోను?

జూన్ 7
గైడ్ సార్‌కు చూపించాను. ఒళ్లు మండింది. ఒక్క తీగ మీద వస్తే గాలివాటమట. అలాంటిదే ఇంకో తీగతో చూపించు, లేదంటే థీసిస్‌లో ఈ ముక్క రాయకు అన్నారు. గ్రాఫ్ చివరిదాకా చూస్తే కదా! లేజర్ నాకు ఇంకొక్క రోజే ఇస్తారు. ఆ తర్వాత ఖతం.

జూన్ 9, సూర్యాపేట
బాబాయి ఫోన్ ఎత్తడం లేదు. చిన్నమ్మకు చేశాను. ఇంకో తీగ కావాలి, అదే మందం, అదే పొడవు, తొందరగా — అంతే చెప్పాను. వార్నిష్ పూయమని చెప్పడానికి నోరు రాలేదు. చెబితే తప్పు నాదని ఒప్పుకోవాలి కదా. పాత తీగ ఎలాగూ తను చేసిందే, అలాగే చేస్తాడులే.

జూన్ 12
బాబాయి తీగను బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపాడు. మెత్తటి గుడ్డ, దాని మీద పేపర్. విప్పాను.

ఉత్త రాగి. అద్దంలా ఉంది. నా ముఖం కనిపిస్తోంది.

చిన్నమ్మ ఫోన్ చేసింది. "మీ బాబాయి వేరే పని ముట్టలే. దీనికి ఒక్క సుక్క తగలొద్దని వార్నిష్ డబ్బాలన్ని దుకాణం బయట పెట్టిండు" అంది. ఫోన్ ఆయనకే ఇచ్చింది.

"గిప్పుడు మంచిగున్నదా, బిడ్డా?"

బాగుంది బాబాయ్ అన్నాను. పెట్టేశాను. నా నోట్లో మన్ను పడ!

లేజర్ రేపే. నిజం చెప్పడానికి బాబాయికి మళ్లీ ఫోన్ చేశాను. మోగుతోంది...