రవి పేరున పడ్డ మనిషి

ఏమండీ,

మీరు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. మన అబ్బాయి రవి ఇప్పుడు సిపాయి. మన శాంతి సేనతో శ్రీలంక యుద్ధంలో ఉన్నాడు. వాడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి రెండు నెలలయింది.

బడిలో మీరు చెప్పిన పద్యాల్లో సిపాయి నవ్వుతూ స్వర్గానికి పోతాడు. వీరుల గుడి దగ్గర కథ చెప్పే కోటయ్య పాటలో మాత్రం దాహంతో అమ్మను పిలుస్తూ పోతాడు. "పద్యకవి యుద్ధాన్ని ఏనుగు మీంచి చూశాడు, కోటయ్య నేల మీంచి చూశాడు" అనేవారు మీరు. నాకప్పుడు రెండూ కథలే.

మొన్న తిరునాళ్లలో కోటయ్య యుద్ధం పాడగానే, ఇంటికొకరు చొప్పున కత్తులు పట్టినవాళ్లంతా ఆనవాయితీగా చచ్చినట్టు పడిపోయారు. మన ఇంటి కత్తి రవిది కదా. వాడి బదులు మీ తమ్ముడు శీనయ్య పట్టుకుని, "మనోడి పేరున పడతన్నా వదినా" అంటూ నా ముందే పడ్డాడు. వద్దనాల్సింది.

పూజారి తీర్థం చల్లితే అందరూ లేచారు, శీనయ్య తప్ప. "లెయ్ శీనయ్యా, లెయ్!" అని అరిచాను.

"ఏంది వదినా, కాస్త కునుకు పట్టింది" అంటూ లేచాడు. అందరూ నవ్వారు.

ఇప్పుడు వీధిలో పోస్టుమాన్ సైకిలు గంట వినబడుతోంది. మీ కవులిద్దరిలో ఎవరూ ఈ గంట సంగతి చెప్పలేదండీ. బయటికి వెళ్లే ధైర్యం లేక మీకిది రాస్తూ కూర్చున్నాను.

గంట మన గుమ్మం ముందే ఆగింది.