చిన్ని భుజం మీద చెయ్యి

సోమవారం, ఉ. 10.05
కొత్త డైరీ, కొత్త బ్లెస్సీ! ఇవాళ్టి నుంచి ఒట్టు. షాపులో నేను డిజైన్ చేసే ఫ్లెక్సీల్లో, ఆల్బమ్‌ల్లో ఏ ఫొటోనీ ఫ్లాట్ చెయ్యను. అంటే, అన్నీ ఒకే ముద్దగా కలిపెయ్యను. లోపల అసలు ఫొటో విడి లేయర్‌గా ఉండాలి, ఎప్పుడంటే అప్పుడు సరిదిద్దుకునేలా!

పోయిన నెల అలా కలిపేశాక పెళ్లికొడుకు కళ్లజోడు తియ్యమంటే తియ్యలేక ఏడ్చాను. ఓనరు దుర్గాప్రసాద్ గారు అన్నారు: "ఇంకోసారి ఇలా చేశావంటే కంప్యూటర్ వదిలేసి లామినేషన్ మిషన్ దగ్గర కూర్చో, అమ్మాయ్."

లామినేషనా! నేనా! చచ్చినా కూర్చోను.

10.40: ఉయ్యూరు నుంచి రామకోటేశ్వరరావు గారొచ్చారు. ఆదివారం కూతురు చిన్నికి ఓణీల ఫంక్షన్. పన్నెండడుగుల ఫ్లెక్సీ కావాలట. ఫొటోలో చిన్ని, వెనక మేనమామ బాబీ, మేనకోడలి భుజం మీద చెయ్యేసి. విడిగా కాపీ దాచలేదు. ఫైల్లోనే ఉందిగా!

మంగళవారం
పిల్లని తెల్లగా చెయ్యమని నాన్నగారు. "నా రంగు నాకు ఇచ్చెయ్ అక్కా" అని చిన్ని. ఒక్క క్లిక్కు. ఇచ్చేశాను! నేను మామూలుదాన్ని కాదు.

బుధవారం, మ. 3.15
లేయర్లు తొంభై నాలుగు. సేవ్ అవ్వడానికి ఆరు నిమిషాలు. ఈలోగా రెండు పొట్లాల పునుగులు. పోనీ, పువ్వులు మాత్రం కలిపేద్దాం. పువ్వులు ఫొటో కాదుగా.

గురువారం
ఫ్లెక్సీలో వెనకున్న అమ్మవారి బొమ్మని కూడా కలిపేశాను. అమ్మవారిని మార్చమని ఎవరడుగుతారు?

శుక్రవారం, మ. 12.30
ఫోన్‌లో రామకోటేశ్వరరావు గారు ఉరిమారు. "ఆ బాబీగాడి బొమ్మ పీకెయ్ అమ్మాయ్! నా ఫోన్లోంచి కూడా పీకేశా. ఓణీ మేమే కొనుక్కుంటాం!" కాలవ నీళ్ల దగ్గర బావాబామ్మర్దులకి గొడవట. మేనమామ తేకుండా ఓణీయా? పాపం చిన్ని!

1.10: బాబీని తీసేసి తామరపువ్వులు నింపాను.

1.20: కంప్యూటర్ బిగుసుకుపోయింది. "ప్రింటుకి వెళ్లిందా?" అని ఓనరు కేక. మొత్తం కలిపేశాను. పాత ఫైల్ మీదే సేవ్. ఐదే సెకన్లు! ఈ ఒక్కసారికే. అర్జెంటు పనులకి ఒట్టు వర్తించదనుకుంటా.

శనివారం, ఉ. 11.00
ఫ్లెక్సీ నిన్న సాయంత్రమే ఉయ్యూరు వెళ్లింది. స్టేటస్‌లో పెడదామని ఫైల్ తెరిచాను.

అయ్యో! మావయ్య పోయాడు, చెయ్యి మిగిలింది! చిన్ని భుజం మీద, పగడపు ఉంగరంతో సహా!

ఓనరు నావైపు చూశారు. నేను లామినేషన్ మిషన్ వైపు చూశాను. "రేప్పొద్దున్నే వెళ్లి ఆ చేతి మీద స్టిక్కర్ అంటించి రా" అన్నారు.

ఆదివారం, ఉ. 8.30
తామరపువ్వు స్టిక్కర్‌తో ఉయ్యూరులో దిగాను. ఫ్లెక్సీ కింద బాబీ గారు! చేతిలో కొత్త ఓణీ. లోపలికి వెళ్లాలో వద్దో తెలియక గుమ్మం బయటే నిలబడ్డారు. తన ఉంగరం చూసుకుంటున్నారు, ఫ్లెక్సీ చూస్తున్నారు.

"నన్ను తీసేశావన్నారు బావా. చెయ్యి ఉంచావే!" గుమ్మంలోకొచ్చిన బావగారితో అన్నారు.

బయటికొచ్చిన రామకోటేశ్వరరావు గారు పైకి చూశారు. నన్ను చూశారు. స్టిక్కర్ వెనక్కి దాచాను. బాబీ గారి వైపు తిరిగారాయన.

"ఓణీ కప్పే చెయ్యిరా అది. దాన్నెలా తీస్తాం? లోపలికి రా."

చిన్ని పరిగెత్తుకొచ్చి మావయ్యని పట్టుకుంది. నేనూ ఏడ్చేశాను. మూడు పూతరేకులు తిన్నాను.

వచ్చేటప్పుడు ఆయన నా చెవిలో అన్నారు: "ఆల్బమ్ అట్ట మీద వాణ్ణి పూర్తిగా పెట్టెయ్యమ్మా. ఆ ఫొటో నీ దగ్గరుందిగా?"

"ఉందండీ!" అన్నాను.

లేదు.

సోమవారం, ఉ. 10.05
కొత్త పేజీ, కొత్త బ్లెస్సీ! మావయ్యనీ మేనకోడల్నీ షాపుకి పిలిపించి, చెయ్యి మళ్లీ భుజం మీద వేయించి ఫొటో తీశాను. మావయ్య ఒక లేయరు, చెయ్యి ఒక లేయరు. ఈసారి కలిపేది లేదు. ఒట్టు!

10.50: సేవ్ అవుతోంది. పునుగులు తెచ్చుకుంటా.