తొడలకు పట్టీలు

అమ్మకు, నేను కులాసా. నేను పంపిన ఫొటోలో నా కాళ్లకు కట్లు చూసి నువ్వు అన్నం మానేశావని అక్క రాసింది. ఈ పరుగుల శిబిరంలో నన్నెవరూ కట్టేసి కొట్టడం లేదు తల్లీ! పరుగుకు ముందు తొడలకు పట్టీలు చుట్టి, డాక్టరు బీపీ చూసినట్టు గాలి కొట్టి కాసేపు రక్తం ఆపుతారు. వదిలి, మళ్లీ బిగిస్తారు. కండరాలు తక్కువ దెబ్బతింటాయని మా కోచ్ నమ్మకం. నిజమో కాదో గానీ, ఇదివరకు మెట్ల మీద పరుగెత్తిన మర్నాడు నొప్పులకు కమ్మీ పట్టుకుని మెట్లు వెనక్కి వెనక్కి దిగేదాన్ని, ఇప్పుడు మనిషిలా దిగుతున్నాను.

నా నీలం స్వెట్టరు దొరికిందా? మేడమీది కుళాయి ఇంకా కారుతోందా? మేజోళ్లు పంపు.

అన్నట్టు, కుట్టుమిషను తొక్కి పిక్కలు లాగుతున్నాయని నువ్వు గుడ్డ పీలిక బిగించుకుని పడుకుంటావే, అది కోచ్‌కి చెప్పాను. "అమ్మో, అలా వదిలేయకూడదు! మేమైతే పక్కనే ఉండి, గడియారం చూసి విప్పుతాం" అన్నారు. నువ్వు నిద్రపోయాక ఆ ముడి విప్పేదాన్ని నేనే. ఇప్పుడెవరు విప్పుతున్నారమ్మా? నాన్నకు నమస్కారాలు చెప్పి, ఇక ఆ పని ఆయనదేనని చెప్పు.

నీ చిన్నది