పద్నాలుగో గది వేలం

12-8-91, సోమవారం

ఇవాళ మూడు నోటీసులు టైపు చేశాను. ఏడో గది, పద్నాలుగు, పంతొమ్మిది. మూడు నెలలు అద్దె రాకపోతే రిజిస్టర్ ఉత్తరం. దానికీ పలక్కపోతే గోడ మీద కాగితం, పేపర్లో చిన్న ప్రకటన. ఆ తర్వాత ఒక ఆదివారం వేలం. ఇదీ మా వెంకటకృష్ణయ్య గారి శాసనం. తెనాలి స్టేషన్ అవతల మూతపడ్డ రైస్ మిల్లు గోడౌన్‌ని ఇరవై రెండు గదులు చేసి, ట్రాన్స్‌ఫరయ్యేవాళ్లకీ ఇల్లు పడినవాళ్లకీ సామాన్లు పెట్టుకోవడానికి అద్దెకిస్తారాయన. తాళం వాళ్లది, గది ఆయనది, టైపు కొట్టే వేళ్లు నావి.

పద్నాలుగో గది ఎవరో యలమంద గారిది. టీచర్, చర్చి వీధి, రేపల్లె. పోయినేడు మే తుఫానుకి ఇంటి కప్పు ఎగిరిపోతే సామాన్లన్నీ తెచ్చి ఇక్కడ పెట్టారట. టైపు చేశాను, కవరు అంటించాను, అయిపోయింది.

26-8-91

ఏడో గది ఆయన పరిగెత్తుకొచ్చి కట్టేశాడు. పంతొమ్మిది వాళ్లు గడువు అడిగారు. పద్నాలుగో ఉత్తరం తిరిగొచ్చింది. కవరు మీద ఎర్ర సిరాతో 'ఈ పేరు గలవారు లేరు' అని రాసుంది. సరే, ఇక గోడకి అంటించమ్మా అన్నారు అయ్యగారు. అంటించాను, పేపరుకీ అదే పేరుతో ప్రకటన పంపాను. తెనాలిలో మా గోడకి అంటిస్తే రేపల్లెలో ఎవరు చదువుతారని నాకూ తోచింది. తోచినవన్నీ అడిగితే ఉద్యోగం ఉంటుందా?

15-9-91, ఆదివారం, సాయంత్రం 4

చర్చి ఎగ్గొట్టి వేలానికి వెళ్లాను. వివరాలు రాసుకోవడానికి నేనుండాలట. రెండేళ్ల నుంచి నోటీసులు కొడుతున్నాను గానీ వేలం కళ్లారా చూడటం ఇదే మొదలు.

ముందు అయ్యగారు గది ముందు కొబ్బరికాయ కొట్టారు. ఇంకొకరి కష్టం తనకి చుట్టుకోకూడదని. తర్వాత ఇద్దరు సాక్షుల ఎదుట తాళం కోయించారు. తలుపులు తీశాక వేలం పాటగాళ్లు గుమ్మం బయటే నిలబడి చూడాలి. టార్చి వేసుకోవచ్చు, వంగొచ్చు, వాసన కూడా చూడొచ్చు. లోపల కాలు పెడితే మాత్రం వాళ్ల పాట చెల్లదు. అయిదు నిమిషాలు అంతే. వస్తువు వస్తువుకీ బేరం లేదు. గది మొత్తానికి ఒకటే పాట. పాడినాయన మంచీ చెడ్డా అన్నీ పట్టుకెళ్లి, గది ఊడ్చి ఇవ్వాలి.

ఎనిమిది మంది వచ్చారు. బాపట్లలో పాత సామాన్ల షాపున్న బ్రహ్మానందం గారే మొనగాడు. ఆయన అసలు వస్తువుల వంక చూడనే లేదు, కట్టిన తాళ్ల వంక చూశారు. అన్నిటి మీదా పాత చీరలు జతచేసి కుట్టి కప్పారు. తాళ్ల ముడులు కూడా ఒకే తీరున ఉన్నాయి. ఇది ఆడమనిషి సర్దిన గదమ్మాయ్, గిన్నెలు కూడా తోమి పెట్టుంటారు చూడు, పారేసేవాళ్లయితే ఇట్లా సర్దరు అని నాతో మెల్లిగా అన్నారు. మరి పారేయని మనిషి ఎందుకు రాలేదండీ అని అడిగాను. ఆ మాట మనకెందుకన్నట్టు నవ్వి, అందరికంటే పైకి పాడేశారు.

ఫొటోలూ, కాగితాలూ, దేవుడి పటాలూ, బైబిళ్లూ మాత్రం పాటలోకి రావు. గోనెసంచిలో వేసి నా టేబుల్ కింద పెట్టారు. ఆర్నెల్లు ఉంచాలి. లోపలికి చూడకుండానే మూతి కట్టేశాను. ఒకరి ఫొటోలు చూడాలంటే నాకు భయం.

16-9-91

బ్రహ్మానందం గారు మంచం, గిన్నెలూ లారీకి ఎత్తిస్తూ ఒక కుట్టు మిషన్ పక్కన పెట్టించారు. చేతి మిషన్, చెక్క మూతతో సహా. నీకు కుట్టు వచ్చన్నావుగా అమ్మాయ్, నాలుగొందలిచ్చి తీసుకుపో అన్నారు. స్టాఫ్ పాట పాడకూడదు గానీ, పాడినాయన దగ్గర కొనుక్కుంటే తప్పేంటట. అయ్యగారికి చెప్పలేదు. రిక్షాలో ఇంటికి తెచ్చేశాను.

సిగ్గేసిందా? లేదు. సంతోషమేసింది. ఇక్కడ రాస్తే ఎవరు చూడొచ్చారు.

3-10-91

మిషన్ వెన్నలా నడుస్తోంది. క్రిస్మస్ గౌన్లు ఆరు ఒప్పుకున్నాను.

21-10-91, మధ్యాహ్నం

పొద్దున ఒకావిడ వచ్చింది. యాభై ఏళ్లుంటాయి, చేతిలో గుడ్డ సంచి, తాళంచెవి. పద్నాలుగో గది తాళం మార్చారేంటమ్మా, నా చెవి పట్టట్లేదు అంది.

ఎలా చెప్పానో నాకే తెలీదు. చెప్పేశాను. ఆవిడ మెట్టు మీద కూర్చుండిపోయింది. పేరు కమలమ్మ. భర్త ఫిబ్రవరిలో పోయారట. అద్దె క్రిస్మస్ దాకా కట్టేశానని చెప్పి పోయారట. జబ్బు మనిషి, ఏం కట్టారో, ఏం చెప్పారో. మా రిజిస్టర్లో మే దాకానే ఉంది.

ఒక్క ఉత్తరం ముక్కయినా రాయకపోయారా అని అడిగింది. అప్పుడు నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చి, తిరిగొచ్చిన కవరు తీసి చూపించాను. చూడండి, మేం రాశాం అని. ఆవిడ పేరు చదివింది. యలమందంటే మా వీధిలో ఎవరికి తెలుసు తల్లీ, అది బళ్లో పేరు, జ్ఞానానందం పంతులు గారని రాస్తే చంటిపిల్లయినా చూపించేది అంది.

అది నాకు తట్టాల్సిన మాట. ఎందుకంటే నేను ప్రమీలని. సర్టిఫికెట్లలో ఆదిలక్ష్మిని. బళ్లో ఒక పేరు, మా చర్చి గుళ్లో ఒక పేరు, మా వాళ్లలో సగం మందికి ఇంతే. చర్చి వీధి అని నా వేళ్లతో కొడుతూ, ఆ వీధిలో యలమంద అంటే ఎవరెరుగుతారని ఒక్క క్షణం ఆలోచించలేదు. అయ్యగారికి తట్టలేదంటే అర్థముంది. నా బుద్ధి ఏ గడ్డి తిన్నట్టు? చర్చి పెద్దల పేరు మీద ఒక కార్డు ముక్క పడేసినా సరిపోయేది.

గోనెసంచి ఇచ్చాను. బైబిల్ ఒక్కటి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఏడవలేదు. మిషన్ కూడా పోయిందా అని అడిగింది. ఆయన పోయాక అదే వీధిలో తమ్ముడి పంచన ఉంటోందట, తొమ్మిది ఇళ్లవాళ్లు క్రిస్మస్ బట్టలు ఇచ్చి వెళ్లారట, ఇవాళ మిషన్ తీసుకెళ్దామనే వచ్చిందట. తొమ్మిది ఇళ్ల బట్టలు చేతికుట్టుతో ఎక్కడ అవుతాయమ్మా, తిరిగి ఇచ్చేస్తే మళ్లీ నా మొహం ఎవరు చూస్తారు అంది.

కొన్నాయన పట్టుకెళ్లాడండి అన్నాను.

సాయంత్రం 6

అమ్మకి చెప్పాను. కొనుక్కున్నాం కదే, దొంగిలించామా అంది. నువ్వు ఒప్పుకున్న ఆరు గౌన్లు ఎవరు కుడతారు, నీ తాతా అంది. అమ్మ చెప్పిందీ నిజమే. నాలుగొందలంటే నాకూ మాటలు కాదు. మిషన్ మూత తీసి కూర్చున్నాను. మూడుసార్లు దారం తెగింది.

24-10-91

కుట్టలేదు.

27-10-91, ఆదివారం

మిషన్‌ని దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని రేపల్లె ప్యాసింజరెక్కాను. పక్కన కూర్చున్నావిడ పిల్లాడా అని దుప్పటి ఎత్తి చూసింది. నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఏం చెప్పాలో దారంతా అప్పజెప్పుకుంటూనే ఉన్నాను.

జ్ఞానానందం పంతులు గారిల్లు అని అడిగితే స్టేషన్ దగ్గర సోడాల బండి అతనే దారి చెప్పాడు.

కమలమ్మ గారు తమ్ముడి ఇంటి అరుగు మీద కూర్చుని చేత్తో గౌను అంచు కుడుతోంది. వేలికి గుడ్డ చుట్టుకుంది. మిషన్ ముందు పెట్టాను. అంతా చెప్పేశాను. కవరు, నా రెండు పేర్లు, నాలుగొందలు, ఆవేళ ఆడిన అబద్ధం, ఏదీ దాచలేదు. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు. చక్రం తిప్పి చూసింది. సూది తీసి వెలుతురుకి పెట్టి చూసి, మొద్దుబారిందని పక్కన పడేసింది.

తిడుతుందనుకున్నాను. నిజం చెప్పాలంటే, దేవుడు నిన్ను దీవిస్తాడమ్మా అంటుందనుకున్నాను. ఆ జాకెట్టు నువ్వు కుట్టిందేనా అని అడిగింది. అవునండి అన్నాను. చంక దగ్గర లాగుతోంది, చూసుకో అంది. మంచినీళ్లిచ్చింది. కొత్త సూది పెట్టుకుని కుట్టడం మొదలుపెట్టింది. నేను ఇంకా కూర్చునే ఉన్నానని మర్చిపోయినట్టుంది.

తిరుగు రైల్లో కోపమొచ్చింది. ఒక్క మంచి మాటయినా అనకూడదా? వేమూరు దాటాక తట్టింది. ఆవిడ వస్తువు ఆవిడకి ఇస్తే నాకెందుకు చెప్పాలి థాంక్స్?

అమ్మ రెండు గౌన్ల బట్ట తిరిగి ఇచ్చేసింది. మిగతా నాలుగూ ఇద్దరం చేత్తో కుడుతున్నాం. నాతో మాట్లాడటం లేదు.

11-11-91

రేపల్లె నుంచి కార్డు వచ్చింది. ఒకటే వాక్యం. మంచం ఎవరు కొన్నారు?

రేపు సెలవు చీటీ రాసిచ్చి బాపట్ల, బ్రహ్మానందం గారి షాపుకి వెళ్లాలి.