రిజిస్టరుకెక్కని పసివాళ్లు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సమాధుల తోట రిజిస్టరు ఇప్పుడు నేను రాస్తున్నాను. చెదలు పట్టకముందే గుంటూరు తీసుకెళ్లి జిరాక్స్ కూడా తీయించాను.

మొన్న సమాధులకు సున్నం వేస్తుంటే మరియమ్మత్త వచ్చి, "నా బిడ్డని ఆ మిరపచేను గట్టు పక్కన పెట్టాం. పుస్తకంలో ఉన్నాడేమో చూడవే" అంది. లేడు. బాప్తిస్మం కాకుండా పోయిన పసివాళ్లను ఎక్కించకూడదన్నది నీ పట్టు.

నేను ఎక్కించాను. "మాస్టారుంటే ఒప్పుకునేవారా అమ్మా?" అన్నారు సంఘపెద్ద.

"ఒప్పుకోరండి. అయినా రాస్తాను" అన్నాను.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే, "నీకంటే ముందు పుట్టినవాణ్ణి కూడా రాయి. మూడు రోజులున్నాడు. ఆ గట్టు పక్కనే పెట్టాం" అంది.

వాణ్ణీ రాశాను. తండ్రి పేరు అన్నచోట నీ పేరు రాశాను.