వేలు తప్పి పిలిచిన పోలీసు

అక్కకు, నీ చెల్లెలు రమణి నమస్కారాలు.

ఇక్కడ మేమిద్దరం ఆరోగ్యంగానే ఉన్నాం. నువ్వు, బావగారు, పిల్లలు కులాసాగా ఉన్నారనుకుంటాను. బావగారి నడుం నొప్పి తగ్గిందా? నేను పంపిన మాత్రలు అన్నం తిన్నాకే వేసుకోమను. మా గురించి బెంగ పెట్టుకోకు, బాగానే ఉన్నాం. ఈ మాట పదేపదే ఎందుకంటున్నానో చదువుతుంటే నీకే తెలుస్తుంది.

నా డ్యూటీ ఆ ముసలివాళ్ళ ఆసుపత్రిలోనే. మన రైల్వే ఆసుపత్రి చాకిరీ ముందు ఇదొక పనే కాదు. ఈ పరాయి దేశపు చలి మాత్రం ఇంకా వదల్లేదు. బియ్యం దొరుకుతున్నాయి గానీ చింతపండు లేదు, ఎవరైనా వస్తుంటే కాస్త పంపు. మీ మరిదికి ఇంకా ఉద్యోగం కుదరలేదు. ఇన్నేళ్ళు రైల్వే గార్డుగా బండి వెంట తిరిగిన మనిషి ఇప్పుడు రోజంతా కిటికీ దగ్గర కూర్చుంటున్నారు. నా ఉద్యోగం వెంట వచ్చినందుకు పైకి ఒక్క మాటా అనరు. అనకపోవడమే నాకు దిగులు.

ఈ ఊరు మన రైల్వే కాలనీ అంత కూడా ఉండదు. ఎదురైన ప్రతివాళ్ళూ నవ్వుతారు. అక్కడ మన గోల్ బజార్‌లో ముక్కూమొహం తెలియనివాడు నవ్వితే మనం ముందు పర్సు తడుముకుంటాం కదా, నాకు ఇక్కడ రోజూ అలాగే ఉంటుంది. నీళ్ళ మీటరు చూసేవాడు గుమ్మం తొక్కడు. బండిలో వీధి వెంట పోతూనే మనం ఎన్ని నీళ్ళు వాడామో తెలుసుకుంటాడట. మనిషి రాకుండా లెక్క ఎలా వస్తుందని అడిగితే, దానికీ నవ్వే.

ఇక అసలు సంగతి. పోయిన నెల ఒక ఆదివారం మీ మరిది వాళ్ళమ్మకి ఫోన్ చెయ్యబోయారు. అక్కడ తోర్వాలో ఫోన్ బూత్ దగ్గర అత్తయ్య వచ్చి కూర్చుంటుందని నీకు తెలుసుగా. ఇండియాకి ముందు సున్నా ఒకటి ఒకటి నొక్కి, ఆ తర్వాత తొమ్మిది ఒకటి నొక్కాలి. ఆయన మొదటిది మరచిపోయి తొమ్మిది నొక్కేశారు, ఒకటి మీద వేలు రెండుసార్లు పడింది. ఇక్కడ తొమ్మిది ఒకటి ఒకటి అంటే పోలీసులకి. అవతల ఎవరో ఆడమనిషి పలికేసరికి కంగారుపడి, "రాంగ్ నంబర్ హై జీ" అని పెట్టేశారు. వెంటనే ఫోన్ మోగింది. భయపడి తియ్యలేదు. నేను కుక్కర్ దించేలోపు గుమ్మంలో పోలీసు నిలబడి ఉన్నాడు.

మేం పేరు చెప్పలేదు, వీధి చెప్పలేదు. ఈ ఊరి మునిసిపాలిటీ ఒక యంత్రం కొన్నదట. ఆ నంబరు నొక్కితే చాలు, ఏ ఇంట్లోంచి చేశారో అక్కడ తెర మీద కనిపిస్తుందట. దాని కోసమే పొలాల్లో ఉన్న ఇళ్ళకి కూడా కొత్తగా నంబర్లు వేశారని నాతో పనిచేసే నర్సు గొప్పగా చెప్పింది. నిండా జనం లేని ఊరికి ఇంత నిఘా ఎందుకో నాకు అర్థం కాలేదు.

పోలీసు మర్యాదస్థుడే. మీ మరిదిని వరండాలో ఉండమని, నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి నెమ్మదిగా అడిగాడు, ఈ ఇంట్లో నీకేమైనా భయమా అని. నేను కాసేపటికి లేదన్నాను. అతను తలూపి వెళ్ళిపోయాడు.

తలుపు వెయ్యగానే ఈయన మొదలుపెట్టారు.

"నిన్నొక్కదాన్నీ పిలిచి ఏటి అడిగాడు?"

"భయమా అని అడిగాడు."

"నువ్వేటన్నావు?"

"లేదన్నాను."

"అచ్ఛా. లేదనడానికి అంత సేపేటి?"

అదిగో, ఆ ప్రశ్న ఇంకా ఇంట్లోనే తిరుగుతోంది. దానికి తోడు, ఫలానా వీధిలో ఫలానా ఇంటికి పోలీసు వెళ్ళాడని ఈ ఊరి వారపత్రికలో వేశారు. మన ఇంటి గుట్టు ఊరందరికీ తెలిసింది. ఆసుపత్రిలో నన్ను చూసి ఇప్పుడు ఇంకా తియ్యగా నవ్వుతున్నారు. నేను డ్యూటీ నుంచి వస్తే ఎవరితో మాట్లాడావని ఈయన అడుగుతున్నారు. ఇదివరకు ఎప్పుడూ అడగలేదక్కా.

మొన్న ఆదివారం గదిలోకి వెళ్ళి తలుపేసుకుని వాళ్ళమ్మతో మాట్లాడారు. "పోలీసొచ్చాడమ్మా, దాన్ని ఒక్కదాన్నే పక్కకి పిలిచి మాట్లాడాడు" అనడం నాకు వినబడింది. తన వేలే తప్పిందని మాత్రం చెప్పలేదు. అత్తయ్య నోట్లో నువ్వుగింజ నానదు. కోడలు మొగుడి మీద పోలీసుని పిలిచిందని ఈపాటికి తోర్వా దాటి మీ రాజ్‌కిశోర్ నగర్ దాకా వచ్చే ఉంటుంది. నా ఉత్తరం ఫోన్ కంటే వెనకే కదా. నువ్వు ఒకసారి వెళ్ళి అత్తయ్యతో మెల్లగా చెప్పు, గొడవ పడకు. ఆయన పరువు కూడా చూడు, ఎంతైనా నా కోసం వచ్చిన మనిషి.

పెద్దమ్మకి, బావగారికి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. మమ్మల్నిద్దరినీ నిండు మనసుతో దీవించు.

ఈ మాట నీకొక్కదానికే, బావగారికి చూపించకు. ఆ రోజు ఎందుకు ఆలస్యమైందంటే, నీకు భయమా అని నన్ను అంతవరకు ఎవరూ అడగలేదు. పెళ్ళప్పుడు అడగలేదు, విమానం ఎక్కేటప్పుడూ అడగలేదు. అందుకే నిజంగా ఆలోచించుకుని చెప్పాను. లేదన్నది ఆ రోజుకి నిజం. ఆ పోలీసు ఇవాళ మళ్ళీ వచ్చి అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.

నీ చెల్లెలు,
రమణి