మొదటి దెబ్బకి పేలని తూటాలు

టూవూంబా,
ఆగస్టు 19, మంగళవారం.

శ్రీవారికి కౌసల్య నమస్కారాలు.

ఇక్కడ నేనూ లిఖితా క్షేమంగానే ఉన్నాం. అక్కడ మీరూ క్షేమమని పోయిన ఉత్తరంలో రాశారు. ప్రస్తుతానికి నమ్ముతున్నాను.

ఈ సంగతులన్నీ ఫోన్లో చెప్పొచ్చు కదా అంటారు. మూడుసార్లు మొదలుపెట్టాను. మూడుసార్లూ నా వాక్యం పూర్తికాకముందే మీరు "స్ప్రింగ్" అన్నారు. ఆ తర్వాత మీరు కట్టే వంతెన దగ్గర సిగ్నల్ పోయిందన్నారు. కాగితం మీద మీరు నాకు అడ్డు రాలేరు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. మధ్యలో కొన్ని మీకు తెలిసిన విషయాలే ఉంటాయి. అయినా దాటేయకుండా చదవండి.

ముందు ఇంటి కబుర్లు. ఈ వారం పొద్దున్నే మంచు గడ్డకట్టింది. కరివేపాకు మొక్క పైకొమ్మలు నల్లబడ్డాయి. పాత దుప్పటి కప్పాను, మొదలు పచ్చిగానే ఉంది. గ్యారేజీ తలుపు మళ్లీ కిర్రుమంటోంది. లిఖితకి నర్సింగ్ ప్లేస్‌మెంట్ ఇక్కడి ఆసుపత్రిలోనే ఇచ్చారు. నాన్నతో తెలుగులో మాట్లాడవే అంటే, "అమ్మా, ఐ అండర్‌స్టాండ్ ఎవ్రీథింగ్, అది చాలదా?" అంటోంది. ఆ ఒక్క మాటైనా తెలుగులో ముగించింది.

ఇక మీరు అడిగినవి. రివాల్వర్ స్ప్రింగ్‌ని తుపాకులు బాగుచేసే డెస్‌కి చూపించావా, తూటాల పెట్టెలకి చెమ్మ తగలనిచ్చావా, ఎంపిక మ్యాచ్‌కి నా తూటాలే వాడతావా, కొన్నవి వాడతావా అని మూడు అడిగారు. చెమ్మ సంగతి తేలిక. పెట్టెలు మీరు పెట్టినచోటే, తాళం వేసిన ఇనుప అల్మారాలో ఉన్నాయి. మీరు వేసిన తేమ పీల్చే సంచులు కూడా తియ్యలేదు. చెమ్మ లేదు.

స్ప్రింగ్ సంగతికి కాస్త వెనక్కి వెళ్లాలి. క్వీన్స్‌లాండ్ రివాల్వర్ జట్టులో నలుగురికి చోటు ఉంటుంది. ఎనిమిదేళ్లుగా ఆ నలుగురిలో నేను లేను. ఈ ఏడు మొదటి ముగ్గురూ ముందే ఖాయమయ్యారు, నాలుగో చోటుకి నేనూ భానుప్రసాదూ మిగిలాం. మార్చిలో డెస్ నా రివాల్వర్ విప్పి, లోపలి భాగాలు నునుపు చేసి, తేలిక స్ప్రింగ్ వేశాడు. నూట యాభై గుండ్ల మ్యాచ్‌లో చివరి వరుసకి వచ్చేసరికి నా చూపుడువేలు వణకడం మానింది. ఏప్రిల్, మే స్కోర్లు మీరే చూశారు.

జూన్ నుంచి తూటాలు మొరాయించడం మొదలైంది. ట్రిగ్గర్ లాగితే హ్యామర్ పడుతుంది, టిక్కుమంటుంది, అంతే. మన రూల్ ప్రకారం ఇంట్లో చేసుకున్న తూటా పేలకపోతే ఆ గుండు పోయినట్టే, మళ్లీ కాల్చనివ్వరు. జూన్‌లో రెండు పోయాయి, జులైలో మూడు. జులై మ్యాచ్ అయ్యాక భానుప్రసాద్ నా పక్కకి వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, బావ తూటాలు మౌనవ్రతం పట్టినయా ఏంది?"

"నీ టార్గెట్ చూసుకో పోయి."

"చూసిన. మంచిగనే ఉన్నది. రెండోసారి కొడితేగానీ పలుకుతలేవు నీవి. అచ్చం మా మేనేజర్ లెక్క."

అతను నవ్వించడానికే అన్నాడు. కానీ ఆ మాట నా బుర్రలో ఉండిపోయింది. రెండోసారి కొడితే పలుకుతున్నాయి. నిజమే, సాధనలో మొరాయించిన తూటా సిలిండర్‌తోపాటు తిరిగి మళ్లీ హ్యామర్ కిందకి వచ్చినప్పుడు పేలుతోంది. ఆ రోజు సాయంత్రం మీకు ఫోన్ చేసి ఇదే చెప్పబోయాను. మీరేమన్నారో గుర్తుందా? "నీకు ట్రిగ్గర్ వెన్నలా ఉండాలి కౌసల్యా. వెన్నతో కొడితే ప్రైమర్ ఎలా పేలుతుంది?" అన్నారు. పక్కనెవరో నవ్వడం కూడా వినిపించింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఎదుటివాళ్లు చెప్పినది రాసుకుని, దాన్ని ఇంకోచోట సరిచూసుకోవడం నా ఉద్యోగం. మీ మాటనీ అలాగే సరిచూశాను. దుకాణంలో ఒక పెట్టె ఫ్యాక్టరీ తూటాలు కొన్నాను. తేలిక స్ప్రింగ్‌తోనే కాల్చాను. అన్నీ పేలాయి. తర్వాత ఓకీ రోడ్డులో డెస్ షెడ్డుకి వెళ్లి పాత గట్టి స్ప్రింగ్ తిరిగి వేయించి, మీ తూటాలు కాల్చాను. ట్రిగ్గర్ బండరాయిలా ఉంది, వేలు నొప్పి పుట్టింది. అయినా కొన్ని మొదటి దెబ్బకి పేలలేదు. కాబట్టి స్ప్రింగ్ కాదు. దయచేసి ఈ వాక్యం రెండుసార్లు చదవండి.

డెస్ మిగిలిన తూటాల్లో ఒకటి తీసి, అడుగుభాగం మీద వేలి కొన ఆనించి మెల్లగా లాగాడు. ఇంకొకటి తీశాడు. తర్వాత నా వేలు పట్టుకుని వాటి మీద పెట్టాడు. అడుగున నిప్పు పుట్టించే ఆ ప్రైమర్ బిళ్ల ఇత్తడి అంచు కంటే ఒక వెంట్రుకంత లోపలికి ఉండాలి. ఇవి పైకి ఉన్నాయి. హ్యామర్ మొదటి దెబ్బ ప్రైమర్‌ని గుంటలోకి దిగ్గొట్టడానికే సరిపోతోంది. రెండో దెబ్బకి అది పేలుతోంది.

"ఈ ప్రైమర్లు ఎవరు కూర్చోబెట్టారు?" అని అడిగాడు.

"మా ఆయన. చేతి పనిముట్టుతో, ఒక్కొక్కటిగా."

"ఎప్పుడూ ఆయనేనా?"

"ఎనిమిదేళ్లుగా ఆయనే."

"కొత్త పనిముట్టు ఏమైనా కొన్నాడా?"

"లేదు."

డెస్ కళ్లద్దాలు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "హౌ ఆర్ హిజ్ హ్యాండ్స్, లవ్?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. తుపాకీ చూడమని తెస్తే మా ఆయన చేతుల గురించి అడుగుతాడేమిటి అనుకున్నాను. బాగానే ఉన్నాయి అని చెప్పి వచ్చేశాను. బల్లకి బిగించే పనిముట్టు కొందామని నేను ఎన్నిసార్లు అన్నా, "బొటనవేలికి తెలుస్తుందోయ్, ప్రైమర్ అడుగుకి ఆనిన క్షణం వేలికి తెలుస్తుంది" అనేది మీరే కదా. ఆ వేలిని అనుమానించడానికి నాకు మనసు రాలేదు.

ఇంటికి వచ్చి పెట్టెలన్నీ భోజనాల బల్ల మీద పరిచాను. ఇక్కడి వేసవిలో, జనవరి ప్రాంతంలో మీరు చేసినవి అద్దంలా ఉన్నాయి. ఈస్టర్ తర్వాత చేసిన వాటిలో వేలికి తగిలేవి మొదలయ్యాయి. వంతెన పనికి మీరు కేథరిన్ ఊరు వెళ్లే ముందు వారం చేసిన పెట్టెలో సగానికి సగం ఉన్నాయి. నా వేలు నన్ను మోసం చేస్తోందేమో అనిపించి లిఖితని పిలిచాను. ఏది ఏ పెట్టెలోదో చెప్పకుండా ఒక్కొక్కటి దాని వేలి కింద పెట్టాను. అది వేరు చేసినవీ నేను వేరు చేసినవీ ఒకటే. పని అయిపోయాక కూడా లిఖిత కుర్చీలోంచి లేవలేదు.

"అమ్మా, నాన్న ప్రామిస్ చేయించుకున్నారు."

"ఏమని?"

"హీ కాంట్ పించ్. రైట్ హ్యాండ్. ఆవకాయ జార్ ఎవరు ఓపెన్ చేస్తున్నారు అనుకున్నావ్? నేనే. ఇంటి తాళం కూడా లెఫ్ట్ హ్యాండ్‌తో తిప్పుతారు, యూ నెవర్ నోటీస్డ్."

"ఎప్పట్నుంచి?"

"ఈస్టర్ అప్పటి నుంచి. నంబ్‌గా ఉంది అన్నారు. నర్వ్ ప్రాబ్లమ్ అనుకుంటా. డాక్టర్ దగ్గరికి వెళ్లండి అంటే, సైట్ మెడికల్‌లో ఫెయిల్ చేస్తారు, కాంట్రాక్ట్ పోతుంది, ఆఫ్టర్ డిసెంబర్ అన్నారు. నేను చెప్పానని చెప్పకు, ప్లీజ్."

"ఉత్తరంలో రాస్తాను" అన్నాను.

"గ్రేట్. నౌ హీ విల్ నెవర్ టాక్ టు మీ."

దాన్ని ఏమీ అనకండి. నాలుగు నెలలు మీ మాట నిలబెట్టింది. నాకు ఒళ్లు మండుతున్నది దాని మీద కాదు. ఇంట్లో మనం ముగ్గురం. ఒకరు దాచారు, ఒకరు దాచిపెట్టడానికి ఒప్పుకున్నారు, మూడో మనిషి స్ప్రింగులు మార్పించుకుంటూ ఊరంతా తిరిగింది. నేను రేంజి మీద నిలబడి, పేలని రివాల్వర్ పట్టుకుని, నా వేలిదే లోపమేమోనని సాధన పెంచుకున్నాను. మీరు మాత్రం ఫోన్లో నాకు వెన్న గురించి చెప్పారు. మీకు తెలియక అన్నారని సరిపెట్టుకుందామంటే, ప్రైమర్ పూర్తిగా దిగలేదని మీ వేలికి తెలియకుండా ఉంటుందా? లేదా ఆ వేలికి ఇప్పుడు అసలేమీ తెలియడం లేదా? ఈ రెండింటిలో ఏది నిజమైనా నాకు మనశ్శాంతి లేదు.

మీ చివరి ప్రశ్నకి జవాబు ఇంకా ఇవ్వలేదు. ఇన్ని పేజీలు రాసింది ఇది చెప్పలేకే. ఎంపిక మ్యాచ్ ఈ నెల 31న అని మీరనుకుంటున్నారు. 31న రేంజి వేరే పోటీకి ఇచ్చేశారని మ్యాచ్‌ని ముందుకి జరిపారు. ఆ కబురు నాకు నెల మొదట్లోనే వచ్చింది. మీకు చెప్పలేదు. చెబితే ఏ తూటాలు అని అడుగుతారు. మీవి కావు అని మీతో అనలేకపోయాను. మ్యాచ్ మొన్న ఆదివారం అయిపోయింది.

కొన్న తూటాలు కావు. నేనే చేశాను. మీ కుర్చీలో కూర్చుని, మీ కళ్లద్దాల పెట్టె పక్కకి జరిపి, మీరు చేసే వరుసలోనే చేశాను. ఖాళీ ఇత్తడి గొట్టాలు శుభ్రం చేయడం, ప్రైమర్లు నొక్కడం, మందు తూచడం, ప్రతి గొట్టంలోకీ టార్చి వేసి చూడటం, గుండు దించడం. రేడియో పెట్టలేదు, ఫోన్ ఆపేశాను. ప్రైమర్లు నొక్కి నొక్కి నా బొటనవేలు వాచింది. మీరు ఇంత పని ప్రతి నెలా చేసి, భోజనానికి వచ్చి, ఏమీ చేయనట్టు మజ్జిగ అడిగేవారు.

తేలిక స్ప్రింగ్ మళ్లీ వేయించుకుని కాల్చాను. నూట యాభైలో ఒక్కటి కూడా మొరాయించలేదు. ఒక్కటి మొరాయిస్తే బాగుండునని నడుమ నడుమ అనుకున్నాను. మొరాయించి ఉంటే ఎవరు చేసినా ఇలాగే అవుతుందని, మీ చెయ్యి బాగానే ఉందని నమ్మేదాన్ని. స్కోరు చదివేటప్పుడు నా పేరు నాలుగోది. భానుప్రసాద్ కంటే రెండు పాయింట్లు ఎక్కువ. అతను వచ్చి చెయ్యి కలిపాడు.

"బావ తూటాలు ఈసారి నోరు తెరిచినయ్ అక్కా."

"అవి ఆయనవి కావు. నేను చేసుకున్నవి."

"బావకు ఎరుకనా?"

"ఇంకా లేదు."

"నీ జాగాల నేనుంటే ఈ నెలంతా ఫోనే ఎత్తకపోతుంటి" అన్నాడు. తర్వాత నా ముఖం చూసి బ్యాగు అందుకున్నాడు. కారు దాకా నా సామాను మోసిపెట్టాడు.

మీ తూటాలు పారేయలేదు. పైకి ఉన్నవన్నీ వేరే డబ్బాలో పెట్టి, కాల్చవద్దని రాసి, డెస్‌కి ఇచ్చాను. వేసవివి అలాగే ఉన్నాయి, వాటితో సాధన చేస్తున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. జట్టులో చేరుతున్నట్టు 30వ తేదీలోపు నేను మెయిల్ పంపాలి. పంపకపోతే ఆ చోటు ఐదో మనిషికి, అంటే భానుప్రసాద్‌కి వెళ్తుంది. ఆదివారం నుంచి ఆ మెయిల్ తెరిచి మూసేస్తున్నాను. కాంట్రాక్టు డిసెంబరు దాకా ఉందని మీకు తెలుసు. ఆ నరం డిసెంబరు దాకా ఆగుతుందో లేదో లిఖితకి తెలియదు, నాకు తెలియదు, మీకు అసలు తెలియదు. మెడికల్‌లో పోతే ఉద్యోగం పోతుందంటారు. పోనివ్వండి. వంతెనలు ఇక్కడా కడుతున్నారు. సరిగ్గా పట్టు లేని చేత్తో మీరు అక్కడ పరంజా ఎక్కుతున్నారన్న సంగతి తెలిశాక నేను రేంజి మీద నిలబడి నడిమి గుండ్రం వైపు గురిపెట్టలేను.

కేథరిన్‌లో డాక్టరుకి చూపించుకోండి. ఆయన డార్విన్ పంపితే డార్విన్ వెళ్లండి. ఏ రోజు, ఏ టైముకి, డాక్టరు పేరేమిటి అన్నది నాకు మెసేజ్ పెట్టండి. అది వచ్చిన గంటలో నేను జట్టుకి మెయిల్ పంపుతాను. 29 సాయంత్రానికి రాకపోతే భానుప్రసాద్‌కి నేనే ఫోన్ చేసి, వెళ్లమని చెబుతాను.

ఎనిమిదేళ్లుగా ఎదురుచూసిన చోటు, నా మూలంగా వదులుకోకు అంటారు. అది నా చేతుల్లో లేదు. బెదిరిస్తున్నావా అంటారు. అవును.

ఇట్లు,
మీ జవాబు కోసం ఫోన్ పక్కనే పెట్టుకున్న
మీ భార్య,
కౌసల్య